లారీకి పిల్లలున్నారా?

హాఫ్ ఇయర్లీ సెలవులు అయి బడి తెరిచిన వారం మా ఇంగ్లీషు సారు స్మార్ట్ క్లాసు గదిలో మాకు ఒక సినిమా చూపించారు. పేరు ‘గ్రౌండ్‌హాగ్ డే’. 1993లో వచ్చిన అమెరికా సినిమా. సినిమా గంటా నలభై నిమిషాలు, మా పీరియడు నలభై నిమిషాలు. అందుకని మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చూశాం. రెండో రోజు సారు మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి పెట్టేశారు. గడియారంలో ఆరు కొట్టింది, రేడియోలో అదే పాట, హీరో దుప్పటి తీసి లేచాడు. “సార్, ఇది నిన్ననే చూసేసినాం!” అని క్లాసంతా ఒకటే అరుపు. సారు నవ్వి “కథే అది కదరా” అన్నారు.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. పిట్స్‌బర్గ్ నగరంలో ఒక టీవీ చానల్‌లో రేపు వాన పడుతుందా, ఎండ కాస్తుందా అని చెప్పే మనిషి ఫిల్ కానర్స్. నటుడు బిల్ మరే. తను చాలా గొప్పవాడినని ఫిల్ నమ్మకం. ఎదుటివాళ్ళని వెక్కిరించకుండా ఒక్క మాట కూడా మాట్లాడలేడు. ప్రతి ఏడూ ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పంక్సటానీ అనే చిన్న ఊరికి అతన్ని పంపిస్తారు. అక్కడ గ్రౌండ్‌హాగ్ అనే జంతువుకి పండగ. అది ఉడుత జాతిదే, కానీ పిల్లి అంత ఉంటుంది, బొరియలో ఉంటుంది. ఆ రోజు దానికి తన నీడ కనబడితే చలికాలం ఇంకో ఆరు వారాలు ఉంటుందని, కనబడకపోతే చలి తొందరగా పోతుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మనకి బల్లిశాస్త్రం ఉన్నట్టు వాళ్ళకి ఇది అనుకోండి. సినిమా కోసం కల్పించింది కాదు, 1887 నుంచి నిజంగానే జరుగుతోంది. ఆ జంతువు పేరు కూడా ఫిల్లే. ఈ ఫిల్‌కి ఆ ఫిల్ అన్నా, ఆ ఊరన్నా, ఊళ్ళో జనమన్నా ఒళ్ళుమంట.

పని ముగించుకుని వెళ్ళిపోదామంటే మంచు తుఫాను దారి మూసేస్తుంది. ఆ రాత్రి అక్కడే పడుకుంటాడు. తెల్లారి లేస్తే మళ్ళీ ఫిబ్రవరి 2. ఆ మరుసటి రోజూ ఫిబ్రవరి 2. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు, అందరికీ అది కొత్త రోజే. ఫిల్‌కి ఒక్కడికే అన్నీ గుర్తుంటాయి. ఎందుకిలా జరిగిందో సినిమా చివరిదాకా చెప్పదు. చెప్పకపోవడమే మంచిదైంది, చెప్పి ఉంటే మా క్లాసులో సగం మంది దాని గురించే కొట్లాడుకుని ఉంటారు.

సినిమా అయ్యాక సారు బోర్డు మీద “ఇందులో మారింది ఎవరు?” అని రాశారు. అందరం “ఫిల్” అని రాశాం. అందరికీ మార్కులు వచ్చాయి. కానీ నాకు ఆ జవాబు సగమే అనిపించింది. ఫిల్ మారాడు, నిజమే. ఊళ్ళోవాళ్ళు మాత్రం మారలేదు. మొదటి రోజు పొద్దున ఆరు గంటలకి ఎలా ఉన్నారో చివరి రోజూ అలాగే ఉన్నారు. అదే మాట, అదే నవ్వు, అదే చోట నిలబడటం. అయినా సినిమా అయ్యేసరికి వాళ్ళు మనకి వేరే మనుషుల్లా కనిపిస్తారు. అంటే వాళ్ళ లోపలి మనిషి మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాడు. ఈ సినిమా ఎవరి లోపలి మనిషిని బయటికి పిలిచింది, ఎవరిని చూసి నవ్వేసి వదిలేసింది అన్నది చూడాలని, మా అన్న ఫోనులో ఇంకో రెండుసార్లు చూశాను. సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకుంటూ.

మొదట నెడ్ రయర్సన్ గురించి. ఇతను ఇన్సూరెన్స్ ఏజెంటు. టోపీ, కళ్ళద్దాలు, ఓవర్‌కోటు, వీధంతా వినబడే గొంతు. రోజూ పొద్దున వీధిలో ఫిల్‌ని పట్టుకుని “నన్ను గుర్తుపట్టలేదా?” అంటాడు. ఇద్దరూ ఒకే స్కూల్లో చదివారు. ఫిల్ తప్పించుకుని పోతూ రోడ్డు పక్కన చల్లటి నీళ్ళగుంటలో కాలేస్తాడు. నెడ్ దాన్ని చూసి నవ్వుతాడు. మా క్లాసులో ఆ రోజు నవ్వు చూడాలి, పక్క క్లాసు టీచరమ్మ వచ్చి తొంగిచూసి పోయింది. నేనూ నవ్వాను.

ఇంట్లో ఆపి ఆపి చూసినప్పుడు నెడ్ తనని గుర్తు చేయడానికి ఏమేం చెప్తున్నాడో చదివాను. స్కూల్లో టాలెంట్ షోలో బొడ్డుతో ఈల వేసే విద్య చూపించినవాణ్ణి నేనే అంటాడు. చివరి ఏడాది ఒక జబ్బు బాగా ముదిరి దాదాపు చదువు పూర్తికాకుండా పోయినవాణ్ణి నేనే అంటాడు. నీ చెల్లెలితో రెండు మూడు సార్లు బయటికి వెళ్ళి, నువ్వు వద్దన్నాక మానుకున్నవాణ్ణి నేనే అంటాడు. (చెల్లెలో అక్కో సినిమాలో స్పష్టంగా లేదు, నేను చెల్లెలనే అనుకున్నాను.) ఆ జబ్బు పేరు నాకు తెలియక డిక్షనరీ తీశాను. సర్పి. మా వైపు తమిళంలో అక్కి అంటారు. మా అవ్వకి వచ్చినప్పుడు నడుం చుట్టూ నిప్పు పెట్టినట్టుందని పదిహేను రోజులు సరిగ్గా పడుకోలేదు. అది పరీక్షల ఏడాదిలో రావడమంటే ఏమిటో, ఈ ఏడాది పదో తరగతి పబ్లిక్ రాయబోయే నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ నెడ్ అర నిమిషంలో నవ్వుతూ చెప్పేస్తాడు. దాచలేదు. గొంతెత్తి నడివీధిలో చెప్పాడు. చదువు పోబోయింది, ఇష్టపడిన అమ్మాయిని స్నేహితుడే దూరం చేశాడు, అన్నీ చెప్పాడు. మనకే వినబడలేదు, ఎందుకంటే అతని వేగం, చేతులు ఆడించడం, గొంతు, ఇవన్నీ అతను కమెడియన్ అని మనకి ముందే చెప్పేశాయి. కమెడియన్ బాధ చెప్పినా మనం జోకు కోసమే ఎదురుచూస్తాం. డైరెక్టర్ హెరాల్డ్ రామిస్ ఇది కావాలనే చేశాడో లేదో గానీ, నాకు మాత్రం ఈ సినిమాలో అన్నిటికంటే తెలివిగా దాచిన చోటు ఇదే. అందరి కళ్ళముందూ పెట్టి దాచాడు.

చివరి రోజు ఫిల్ నెడ్ దగ్గర ఉన్న పాలసీలన్నీ కొనేస్తాడు. నెడ్ తన జీవితంలో ఇదే మంచి రోజు అంటాడు. అందరూ సంతోషం. నాకు మాత్రం ఒకటి వెలితిగా ఉంది. పాలసీ కొన్నాడు సరే, ఆ ఏడాది నీకు ఎలా గడిచిందిరా అని ఒక్కసారి అడిగాడా? నీ విషయంలో నేను చేసింది తప్పు అని చెప్పాడా? సినిమాలో ఎక్కడా లేదు. ఇన్ని వందల పొద్దుటలు దొరికాయి అతనికి.

తెలుసుకోవడంలో కూడా రెండు రకాలున్నాయని నాన్సీ అనే అమ్మాయి దగ్గర తెలుస్తుంది. హోటల్లో కూర్చున్న నాన్సీ దగ్గరికి ఫిల్ వెళ్ళి పేరేమిటి, ఏ స్కూలు, ఇంగ్లీషు టీచరు ఎవరు అని అడుగుతాడు. ఆమె అమాయకంగా చెప్తుంది. మరుసటి “రోజు” వెళ్ళి, నేను నీ క్లాసే కదా, గుర్తులేదా అని మొదలుపెడతాడు. నెడ్ నిజంగా క్లాస్‌మేటు, ఫిల్ అతన్ని తెలియనట్టు నటిస్తాడు. నాన్సీ అసలు క్లాస్‌మేటే కాదు, తెలిసినట్టు నటిస్తాడు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఫిల్ ఎలాంటివాడో పూర్తిగా తెలిసిపోతుంది. ఆమె చెప్పిన నిజాలన్నీ ఆమెని మోసం చేయడానికే వాడాడు. మన గురించి ఎదుటివాళ్ళకి ఎన్ని సంగతులు తెలుసన్నది ఒకటి, వాటిని ఎందుకు తెలుసుకున్నారన్నది ఇంకొకటి. ఇది ఆడపిల్లలందరూ చూడాల్సిన సీను అని నా పక్క బెంచీ అమ్మాయి అంది. మగపిల్లలు చూడాల్సిన సీను అని నేనన్నాను.

మధ్యలో ఫిల్‌కి బతుకు మీదే విసుగు పుట్టిన భాగం ఒకటుంది. అక్కడ సారు సినిమా ఆపి మాతో చాలాసేపు మాట్లాడారు. దాని గురించి ఇక్కడ రాయను.

ఆ తరువాత వచ్చే హోటల్ సీను గురించి రాయకపోతే ఈ వ్యాసమే దండగ. ఫిల్ తన ప్రొడ్యూసర్ రీటాకి జరుగుతున్నదంతా చెప్తాడు. ఆమె నమ్మదు. నమ్మించడానికి ఆమెని వెంటబెట్టుకుని హోటల్లో ఒక్కొక్క బల్ల దగ్గరికీ తీసుకెళ్ళి మనుషుల్ని పరిచయం చేస్తాడు. కాఫీ పోసే డోరిస్ పదిహేడేళ్ళప్పటి నుంచి ఇక్కడే పనిచేస్తోంది, చచ్చేలోపు ఒక్కసారి పారిస్ చూడాలని ఆమె కోరిక. టామ్ బొగ్గుగనిలో పనిచేసేవాడు, గని మూసేశారు. ఆలిస్ పసిబిడ్డగా ఐర్లండ్ నుంచి వచ్చింది. గస్‌కి నేవీ వదిలి వచ్చినందుకు ఇప్పటికీ బాధ. వెయిటర్ బిల్ తీరిక దొరికితే బొమ్మ సిపాయిలకి రంగులు వేసుకుంటాడు. మూలన కూర్చున్న జంటకి ఆ మధ్యాహ్నమే పెళ్ళి, కానీ పెళ్ళికూతురు డెబీకి మనసులో అనుమానం మొదలైంది.

ఒక్కొక్కరికీ ఒక వాక్యం, మహా అయితే రెండు. అంతే. కానీ నాకు ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా డోరిస్ ఎన్నిసార్లు వచ్చి కాఫీ పోసింది! ప్రతిసారీ చేతిలో కాఫీ కెటిలే చూశాం. ఆ చేతిలో కెటిల్ ఉన్న ప్రతి పొద్దునా ఆమె మనసులో పారిస్ ఉంది. టామ్ సంగతి విన్నప్పుడు మా క్లాసులో ఎవరూ నవ్వలేదు. మా హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టులకి పోయే నాయనలున్న పిల్లలమే సగం మంది. గని మూసేయడం అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో మాకు తెలుసు.

ఇంత మంచి సీనులో కూడా నాకు రెండు చోట్ల కోపం వచ్చింది. మొదటిది నాన్సీ. అందరికీ ఒక కోరికో ఒక బాధో ఇచ్చిన సినిమా, నాన్సీ వంతు వచ్చేసరికి బట్టల కొట్లో పనిచేస్తుంది, సంబరం పట్టలేనప్పుడు ఉడుతలా కిచకిచమంటుంది అని చెప్పి నవ్విస్తుంది. ఆమె పాపం ముఖం చిన్నబుచ్చుకుంటుంది. ఇది కూడా ఫిల్ మోసం చేసి తెలుసుకున్న సంగతే కదా. నాన్సీకి ఏ ఊరు చూడాలని ఉందో ఎవరు అడిగారు? ఈ కోపం నాకొక్కదానికే కాదు అని తరువాత తెలిసింది. 2016లో లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్‌లో ఈ కథని పాటల నాటకంగా వేశారు. అందులో నాన్సీకీ నెడ్‌కీ తమ మనసు చెప్పుకోవడానికి చెరొక పాట పెట్టారట. సినిమాలో పడిన బాకీ ఇరవై మూడేళ్ళకి తీర్చారన్నమాట.

రెండో కోపం లారీ గురించి. లారీ అంటే ఫిల్, రీటాలతో వచ్చిన కెమెరామన్. క్రిస్ ఇలియట్ అనే నటుడు వేశాడు. హోటల్ సీను చివర ఫిల్ ఒక కాగితం మీద ఏదో రాసి రీటా చేతిలో పెడతాడు. అంతలో లారీ తలుపు తీసుకుని లోపలికి వచ్చి, తుఫాను రాకముందే బయలుదేరాలి అని చెప్తాడు. ఆ మాటలే అక్షరం పొల్లు పోకుండా కాగితం మీద ఉంటాయి. రీటా ముఖం చూసి అందరం “ఓ” అన్నాం. మంచి మ్యాజిక్కే. కానీ ఆలోచించండి. ముక్కూ మొహం తెలియని వెయిటర్‌కి బొమ్మ సిపాయిలున్నాయి. తనతో రోజూ పనిచేసే, తనని అందంగా చూపించే కెమెరామన్ గురించి మాత్రం ఫిల్‌కి తెలిసిందల్లా అతను తలుపు దగ్గర అనబోయే ఒక్క వాక్యం. గడియారం ఎప్పుడు మోగుతుందో తెలిసినట్టు తెలుసు, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా బడి గేటు దగ్గర ఒక అవ్వ జామకాయలు, ఉప్పుకారం వేసిన మామిడి ముక్కలు అమ్ముతుంది. ఆరో తరగతి నుంచి ఆమె దగ్గరే కొంటున్నాను. నేను తమిళంలో “ఎవ్వళవు?” అంటాను, ఆమె తమిళంలో “పత్తు రూబా” అంటుంది. నాలుగేళ్ళుగా మా మధ్య జరిగిన మాటలు ఇవే. లారీ వాక్యం లాగా కాగితం మీద ముందే రాసిపెట్టొచ్చు. సినిమా చూసిన తరువాతి వారంలో ఒకరోజు ఆమె మనవడు తడి చేతులతో ఉప్పుకారం డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఆమె వాణ్ణి తిట్టిన తిట్టు అచ్చం మా అవ్వ తిట్టే తిట్టే. స్వచ్ఛమైన తెలుగు. “అవ్వా, మీరు తెలుగువాళ్ళా?” అన్నాను. “ఊ, మరి? నువ్వు తమిళంలో అడిగితివి, నేను తమిళంలో చెప్తిని” అంది. తరువాత గేటు లోపలికి చూపించి “ఈ బడిలోనే మూడు దాకా చదివినా నేను. అప్పుడు ఆ చెట్టు లేదు” అంది.

మా తెలుగు బడి ముందర కూర్చున్న మా బడి పూర్వ విద్యార్థిని. నాలుగేళ్ళు నేను ఆమెని పరాయి భాషలో పలకరించాను. ఆమె కూడా దాచలేదు, నెడ్ లాగే.

మళ్ళీ సినిమాకి వస్తాను. వీధి మూలన ఒక ముసలాయన అడుక్కుంటూ ఉంటాడు. మొదటి రోజు ఫిల్ జేబులు తడుముకున్నట్టు నటించి పోతాడు. చాలా రోజుల తరువాత ఒక రాత్రి ఆయన్ని చలిలో చూసి ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆయన చనిపోయాడని నర్సు చెప్తుంది. ఎందుకు, ఏ జబ్బు అని ఫిల్ గొడవ చేస్తాడు. వయసైపోయింది, అంతే అన్నట్టు ఆమె జవాబు. మరుసటి “రోజు” ఫిల్ ఆయనకి కడుపునిండా సూపు తాగిస్తాడు. అయినా ఆ రాత్రి ఆయన పోతాడు. సందులో కింద కూర్చుని ఆయనకి ఊపిరి పోయాలని చూస్తాడు. నాన్నా అని పిలుస్తాడు. ఆయన లేవడు. ఫిల్ తల పైకెత్తి ఆకాశంలోకి చూస్తాడు.

బిల్ మరే ముఖంలో ఎప్పుడూ ఒక వెక్కిరింపు ఉంటుంది. సినిమా మొత్తంలో అది పూర్తిగా మాయమైంది ఇక్కడే అని నాకు తోచింది. నవ్వులాట సినిమా అని కూర్చున్న మాకు గొంతు పట్టుకుపోయింది. నేను గమనించింది ఇంకొకటి. ఈ ముసలాయన పేరు సినిమాలో చెప్పరు. ఊరేదో, పిల్లలున్నారో, ఏ పని చేసేవాడో ఏదీ తెలియదు. డోరిస్‌కి పారిస్ ఉంది, ఈయనకి ఏమీ లేదు. మిగతావాళ్ళ దగ్గర దీన్ని నేను తప్పు అన్నాను కదా, ఇక్కడ మాత్రం తప్పనిపించలేదు. ఆయన సంగతులు తెలుసుకోవడానికి ఫిల్‌కి టైము దొరకలేదు. అన్ని రోజులున్న మనిషికి ఈ ఒక్క మనిషి దగ్గర మాత్రం టైము చాలలేదు. ఆ రోజు రాత్రికి ఆయన అయిపోతాడు. పేరు తెలియకపోయినా సూపు తాగించాడు. నాన్సీ దగ్గర పేరూ స్కూలూ టీచరూ అన్నీ తెలుసుకుని మోసం చేసినవాడు, ఇక్కడ ఏమీ తెలియకుండానే పక్కన కూర్చున్నాడు. ఫిల్ లోపలి మనిషి నాకు కనబడింది ఈ సందులోనే. పియానో వాయించినప్పుడు కాదు, మంచులో బొమ్మ చెక్కినప్పుడు కాదు.

రీటా గురించి చెప్పకపోతే మా పక్క బెంచీ అమ్మాయి ఊరుకోదు. రీటా వేషం ఆండీ మెక్‌డొవెల్ వేసింది. హోటల్లో ఫిల్ ఆమె గురించి కూడా చెప్తాడు. పడవలంటే ఇష్టం, సముద్రమంటే కాదు. చిన్నప్పుడు వేసవిలో కొండల్లో ఒక చెరువు దగ్గరికి ఇంట్లోవాళ్ళతో వెళ్ళేది. అక్కడ పడవలు పెట్టే పాత కొట్టం, పైకప్పులో పలకలు ఊడిపోయి ఉంటాయి. ఒంటరిగా ఉండాలనిపిస్తే దాని కిందికి దూరి కూర్చునేది. ఈ ఒక్క వివరం చాలా బాగుంది. ప్రతి పిల్లకీ అలాంటి చోటు ఒకటుంటుంది. నాది మేడ మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన.

కానీ రీటా మొదటినుంచి మంచిదే. ఎవరినీ వెక్కిరించదు, అందరితో దయగా ఉంటుంది, ప్రపంచమంతా బాగుండాలని కోరుకుంటుంది. తప్పే చేయని మనిషికి లోపల ఇంకో మనిషి ఎక్కడినుంచి వస్తాడు? పడవలు, పాత ఫ్రెంచి కవిత్వం, ఇవన్నీ ఇష్టాల లిస్టు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిల్‌కి ఆమె గురించి కొన్ని వందల రోజులు తెలుసు. ఆమెకి అతను ఒక్క రోజే తెలుసు. “ఇది సమానమైన ప్రేమ ఎట్లయితుంది?” అని ఆ అమ్మాయి సారునే అడిగింది. గంట కొట్టేశారు. సారు బతికిపోయారు.

మన దగ్గర కూడా ఇలాంటి కథతో 2021లో తమిళంలో ‘మానాడు’ వచ్చింది. శింబు హీరో, వెంకట్ ప్రభు డైరెక్టర్. అది నవ్వుల సినిమా కాదు, పరుగుల సినిమా, అయినా థియేటర్లో ఎక్కువ నవ్వులు విలన్ ఎస్.జె. సూర్యకే పడ్డాయి. ఎందుకంటే ఆ సినిమాలో విలన్ కూడా మధ్యలో అదే చక్రంలో ఇరుక్కుంటాడు. చచ్చి మళ్ళీ లేవడంలో అతని విసుగు, భయం, మొండితనం మనం లోపలినుంచి చూస్తాం. హీరో చెప్తేగానీ మనకి తెలియని మనిషి కాదు అతను. ఈ ఒక్క విషయంలో మానాడు మేలు. పంక్సటానీలో మాత్రం ఎవరి మనసు చూడాలన్నా ఫిల్ నోటితోనే చెప్పాలి. ఫిల్ అడగని మనిషి మనకి కనబడడు.

ఇదే మాట సారుకి చెప్పాను. “సినిమా ఒకరి కథ అమ్మా. అందరి కథా చెప్పాలంటే ఎన్ని గంటలు తీయాలి?” అన్నారు. న్యాయమైన మాటే. కానీ డోరిస్‌కి పట్టింది రెండు వాక్యాలే కదా సార్ అన్నాను. లారీకి కూడా ఒక్కటి చాలు.

లారీకి ఆ వాక్యం దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకే నేనింత పట్టు పడుతున్నాను. ఫిల్ మంచివాడయ్యాక ఒక పొద్దున రీటాకీ లారీకీ కాఫీ, బన్నులు తెస్తాడు. కెమెరా ఎక్కడ పెడితే బాగుంటుందో లారీని అడుగుతాడు. బరువైన సామాను తనే ఎత్తుకుంటాడు. నడుస్తూ నడుస్తూ, మనమెప్పుడూ మాట్లాడుకోలేదు లారీ, నీకు పిల్లలున్నారా అని అడుగుతాడు. సీను అక్కడితో అయిపోతుంది. లారీ జవాబు మనకి వినిపించరు. అది జోకు. ఇన్నాళ్ళకి అడిగాడే అని మనం నవ్వాలి. మా క్లాసు నవ్వింది కూడా.

ఆ తరువాత చివరి రాత్రి పార్టీ. లారీ నాన్సీ పక్కన నిలబడి, జనం నేను కెమెరా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతానంతే అనుకుంటారు, అందులో ఇంకా చాలా ఉంది అన్నట్టు ఏదో చెప్పబోతాడు. ఎవరూ అడగకపోతే తనే చెప్పుకుంటున్నాడన్నమాట. అదీ జోకే. నాన్సీ పట్టించుకోదు. ఈ సినిమా నవ్వుతో వదిలేసిన ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి కూడా ఒకరినొకరు వినరు. పెళ్ళికాని మగవాళ్ళని సరదాగా వేలం వేస్తారు. ఫిల్‌ని రీటా తన చెక్కుబుక్కులో ఉన్నదంతా పెట్టి 339 డాలర్ల 88 సెంట్లకి పాడుకుంటుంది. తరువాత లారీని వేదిక మీదికి తోస్తారు. 25 సెంట్లు. ఒక పెద్దావిడ పాడుతుంది. అందరూ నవ్వుతారు, ఊరంతా ఫిల్‌ని మెచ్చుకున్న రాత్రి అది, అదే రాత్రి ఫిల్‌తో వచ్చిన మనిషికి ఊరు కట్టిన ధర పావు డాలరు.

ఫిల్ అక్కడే ఉన్నాడు. నెడ్‌కి పాలసీలు కొన్నాడు, డెబీ పెళ్ళి నిలబెట్టాడు, చెట్టు మీదినుంచి పడే పిల్లవాణ్ణి పట్టుకున్నాడు, గొంతులో ముక్క ఇరుక్కున్న పెద్దమనిషిని బతికించాడు. వేదిక మీద తెల్లబోయి నిలబడ్డ లారీ కోసం ఒక్క డాలరు పాడి ఉండొచ్చు.

తెల్లారితే ఫిబ్రవరి 3. ఊరంతా మంచు పరుచుకుని ఉంటుంది. ఫిల్, రీటా నవ్వుకుంటూ గేటు దూకి బయటికొస్తారు, ఇక్కడే ఉండిపోదాం అనుకుంటారు. సినిమా అయిపోతుంది. కెమెరా సామానంతా వ్యానులో సర్దుకుని పిట్స్‌బర్గ్‌కి ఒక్కడే వెళ్ళాల్సింది లారీ. సాయంత్రానికి ఇల్లు చేరతాడు. తలుపు ఎవరు తీస్తారో.